ఆగితే లేవని బండి

ఆ రోజుల్లో మా పికప్ బండి తనంతట తాను స్టార్ట్ అయ్యేది కాదు. వెనక నుంచి ఒకరు తోయాలి. లోపల ఒకరు కూర్చుని గేరులో పెట్టి క్లచ్ వదలాలి. నా ఒక్కడికే డ్రైవింగ్ వచ్చు కాబట్టి తోసేది నా భార్య.

శంషాబాద్‌లో మాకు చిన్న టెంట్‌హౌస్ ఉండేది. విమానాశ్రయం వచ్చాక రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. పెద్ద పెళ్లిళ్లన్నీ అక్కడికే పోయాయి. మాకు మిగిలినవి పసిపిల్లల తొట్టెల ఫంక్షన్లు, ఇంటి ముందు చేసుకునే పుట్టినరోజులు, చావు ఇళ్లు. షామియానా, కుర్చీలు, వంట గిన్నెలు ఇద్దరమే ఎక్కించి ఇద్దరమే దించేవాళ్లం. బండి సెకండ్‌హ్యాండ్‌ది. మా చేతికి వచ్చేసరికే బాగా నలిగి ఉంది.

ఒక ఉదయం చావి తిప్పితే బండి టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాను. కొద్దిరోజులకే అదీ పడుకుంది. మైలార్‌దేవ్‌పల్లిలో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకడు ఉండేవాడు, నా ఈడువాడే. అతని దగ్గరికి తీసుకుపోయాను.

"బ్యాటరీ మంచిగనే ఉంది అన్నా. దానికి చార్జింగ్ అందుతలేదు," అన్నాడు.

ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీకి కరెంటు అందించేది డైనమో. దాన్ని విప్పి, షాపులో బల్ల మీద బిగించి తిప్పి చూశాడు. అక్కడ చక్కగా చార్జింగ్ ఇచ్చింది. తిరిగి బండికి బిగిస్తే ఇవ్వలేదు. బెల్టు మార్చాడు. వైర్ల కొసలు గీకి మళ్లీ బిగించాడు. ఏం చేసినా అంతే. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఎక్కడా ఆగకుండా అత్తాపూర్ దాకా గట్టిగా తోలిన రోజున బ్యాటరీ నిండేది, మర్నాడు బండి తానే స్టార్ట్ అయ్యేది. ఊళ్లో తిరిగిన రోజుల్లో మాత్రం కాదు.

"నాకు సమజైతలేదు అన్నా," అని చేతులు తుడుచుకున్నాడు. "అప్పటిదాంక ఇంజిన్ బంద్ చెయ్యకు."

అలా ఇంజిన్ ఆపకుండా తిరగడం అలవాటైంది. చాయ్ తాగినా, సామాను దించినా బండి గుడగుడమంటూనే ఉండేది.

జల్‌పల్లి దగ్గర ఒక ఇంట్లో ముసలాయన చనిపోయాడని కబురొచ్చింది. పొద్దున్నే వెళ్లాం. వాకిట్లో శవాన్ని పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. బండి గేటు పక్కనే నిలిపి, ఇంజిన్ అలాగే వదిలేసి, మేమిద్దరం షామియానా కట్టడం మొదలుపెట్టాం. పొగ వాకిట్లోకి కొడుతోంది. నాకు కనబడుతూనే ఉంది. కర్రలు త్వరత్వరగా పాతుతున్నాను.

చనిపోయినాయన పెద్దకూతురు లేచి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర ఆ బండి బంద్ చెయ్యరాదూ. మా బాపు కాడ కూసుంటే మేం ఏడ్సేది మాకే ఇనొస్తలేదు."

"బంద్ చేస్తే మల్ల లెవ్వదక్కా," అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. కోపంగా కాదు. ఆ పూట ఇంకెన్ని చూసుకోవాలో, వాటిలో నా బండి ఒకటైందన్నట్టు చూసింది. "నువ్వైతే బంద్ చెయ్యి. మా తమ్ముళ్లు నూకుతరు తియ్యి," అంది.

ఆపాను. కుర్చీలు దించాక ఆమె తమ్ముళ్లు తండ్రి పక్క నుంచి లేచి వచ్చారు. ఒంటి మీద తువ్వాళ్లు తప్ప ఏమీ లేవు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. వాళ్లు, వాళ్ల మధ్యన నా భార్య, బండిని తోశారు. అద్దంలో చూస్తుంటే చిన్నవాడు కాలుజారి మోకాళ్ల మీద పడ్డాడు. లేచి మళ్లీ చెయ్యి వేశాడు. ఇంజిన్ అందుకుంది. నేను దిగి వాళ్లకు ఒక్క మాటన్నా చెప్పాల్సింది. దిగితే ఎక్కడ ఆగిపోతుందోనని దిగలేదు.

దారిలో మా ఆవిడ ఒక్కటే మాట అంది. "తండ్రి సచ్చినోళ్లతోని నూకిస్తిమి."

ఆ తర్వాత బండిని ఎవరింటి ముందుకూ తీసుకుపోలేదు. దూరంగా ఏటవాలు ఎక్కడుందో చూసి అక్కడ నిలిపేవాణ్ని. కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఇద్దరం మోసేవాళ్లం. అంత దూరం ఎందుకు పెట్టారని అడిగితే తొవ్వ ఇరుకుగా ఉందని చెప్పేవాణ్ని. ఒక్కోసారి అది పెద్ద లారీ పట్టేంత వెడల్పు రోడ్డు.

ఒక మధ్యాహ్నం విమానాశ్రయం రోడ్డు మలుపులో క్లచ్ మీద నా కాలు తడబడి ఇంజిన్ ఆగింది. అక్కడ బండ్లు నిలపనివ్వరు. కాపలా మనిషి ఈల వేసుకుంటూ వస్తున్నాడు. నేను చెప్పకముందే నా భార్య దిగి, కొంగు నడుముకు చెక్కుకుని వెనక్కు వెళ్లింది. పక్క నుంచి పైన సూట్‌కేసులు కట్టుకున్న కార్లు పోతున్నాయి. వాటిలో ఒక ట్యాక్సీ కాస్త మెల్లగైంది. నడిపేది నా బామ్మర్ది. నన్ను చూశాడు, వాళ్లక్కను చూశాడు. వెనక సీట్లో ప్యాసింజరున్నాడు. ఆపకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడ్డాడు.

"బావా, నా కస్టమర్ ఏమన్నడో తెల్సా? 'ఎవడండీ వాడు, ఆడమనిషి చేత బండి తోయిస్తున్నాడు' అన్నడు."

నేను తల దించుకున్నాను.

"మా అక్క అని చెప్పనీకి నాకు నోరు రాలే బావా. ఊఁ అని ఊకున్న," అన్నాడు. నన్ను తిట్టడానికి వచ్చినవాడు నాలాగే నేల చూస్తూ నిలబడ్డాడు.

మా ఆవిడ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. "ఇద్దరు గట్ల తలకాయలు ఏలాడేసుకుంటే బండి లేస్తదా? నాకు నడుపుడు నేర్పున్రి. నేను లోపల కూసుంట, ఆయన నూకుతడు."

తమ్ముడే నేర్పాడు. ఊరి బయట ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతి వదిలేసిన భూమి ఉండేది. పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లం. ఆమె స్టీరింగ్ ముందు, తమ్ముడు పక్కన, నేను వెనక. రాయిని తాకితే వాడు అరిచేవాడు. ఆమె అంతకంటే గట్టిగా అరిచేది. బండిని తోస్తుంటే ఎంత బరువుంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు చావి తిప్పి, మీటర్ల వైపు వేలు పెట్టి నన్ను పిలిచింది. "ఈ బొమ్మలేంది?"

"ఇది ఆయిల్‌ది. ఇది బ్యాటరీది."

"ఆయిల్‌ది ఎర్రగ ఎలుగుతుంది. బ్యాటరీది ఎలుగుతలేదేంది?"

"ఎలగకుంటేనే మంచిది. ఎలిగితే చార్జింగ్ లేనట్టు," అన్నాను, తెలిసినవాడిలా.

"చార్జింగ్ లేనే లేదు గద. మరెందుకు ఎలుగుతలేదు?"

ఇన్నాళ్లూ ఆ దీపం వెలగడం లేదు కదా అని ధైర్యం చెప్పుకుంటూ తిరిగాను.

ఆ రోజే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి ఆమె అన్నది అన్నట్టు చెప్పాను. అతను వెంటనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మీటర్ బోర్డు విప్పి, శనగగింజంత బల్బు బయటకు తీసి వెలుతురుకు పట్టాడు. లోపలి తీగ తెగి ఉంది.

"యా అల్లా," అన్నాడు మెల్లగా. "డైనమోకు మొదటి కరెంటు ఈ బల్బు నుంచే పోతది అన్నా. చావి తిప్పంగనే ఇది ఎలగాలె, ఇంజిన్ లేసినంక ఆరాలె. ఇది కాలిపోతే డైనమో పని షురూ చెయ్యది. బగ్గ గట్టిగ తిప్పితే ఎప్పుడన్న దానంతటదే లేస్తది. బల్ల మీద నేను వేరే వైరుతోని కరెంటు ఇచ్చిన, అందుకే ఆడ మంచిగ చేసింది." బల్బును అరచేతిలో దొర్లించాడు. "ముందుగాల సూడాల్సింది ఇదే. నాకే షరమైతుంది."

కొత్త బల్బు పెట్టి చావి తిప్పితే ఎర్రగా వెలిగింది. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోయింది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురు గోడ తెల్లగా కనబడింది. అతను నాకు చాయ్ తెప్పించాడు కానీ తాగినంతసేపూ నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు.

మర్నాటి నుంచి తోసే పని లేదు. స్టీరింగ్ మళ్లీ నాదే అనుకున్నాను. కొన్నాళ్లకు అత్తాపూర్‌లో ఒక ఫంక్షన్‌కు కుర్చీలు తక్కువపడ్డాయని కబురొస్తే సామాను ఎక్కించాం. నేను తాడు కట్టి వచ్చేసరికి ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. అప్పటికి లైసెన్సు కూడా తెచ్చుకుంది. చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లోకి ఎక్కాను. దారి పొడుగునా పక్క బండ్లవాళ్లు ఆమెను చూసి తర్వాత నన్ను చూస్తున్నారు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం రోడ్డు తప్ప మరేదీ చూడలేదు.

హాలు వెనక ఒకే ప్రయత్నంలో బండిని రివర్స్ చేసి మెట్ల దాకా తెచ్చింది. అక్కడ వంట చూసుకునే మనిషి నవ్వాడు.

"ఏమన్నా, నీకు నడుపుడు రాదా?"

"వచ్చు," అన్నాను. "చెయ్యి నొస్తుంది."

ఆమె ఆ పక్కనే తాడు విప్పుతోంది. వినబడింది. నేను వెంటనే కుర్చీలు రెండు చేతులతో ఎత్తి మోయడం మొదలుపెట్టాను. వంట మనిషి ఇంకోసారి నవ్వి లోపలికి వెళ్లాడు.

ఇంటికి కూడా ఆమే నడిపింది. అన్నం తిన్నాక నూనె గిన్నె తెచ్చి నా ఎదుట కూర్చుంది.

"ఏ చెయ్యి?"

కుడి చెయ్యి చాపాను.

"యాడ నొస్తుంది?"

మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. నేను మణికట్టు పైన ఏదో ఒక చోటు చూపించాను. ఆమె అక్కడ నూనె రాసి, చాలాసేపు మర్దన చేసింది.