తొమిజో వాటా

మురోతో రేవు దగ్గర షిజుయో నడిపే హోటల్లో ఏడెనిమిది మందికి మించి కూర్చోలేరు. గుమ్మానికి నీలం తెర, లోపల పొడవాటి చెక్కబల్ల, బల్ల వెనక ఆమె. ఆమె చేతి చేపల పులుసు ఒకసారి తిన్న బాటసారి మళ్లీ ఆ దారిన వస్తే ఆకలి లేకపోయినా ఆగుతాడు. పొగడ్తలు మాత్రం ఆమెకు గిట్టవు. "తిన్నారుగా, ఇక లేవండి. వెనకాల మనుషులున్నారు" అంటుంది.

అంత కరుకు మనిషీ రోజూ మధ్యాహ్నం ఒక పళ్లెం నిండా వడ్డించి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా బల్ల మూలన పెడుతుంది. అది మొగుడు తొమిజో వాటా. దూరం వెళ్లినవాడికి ఇంట్లో రోజూ వడ్డిస్తే, వాడు ఎక్కడున్నా పస్తుండడని అత్తగారు నేర్పిన ఆనవాయితీ. పులుసు గిన్నె మూత తీసి చూస్తే మూత లోపలివైపు నీటిచుక్కలుండాలి. ఉంటే మనిషి క్షేమం. ట్యూనా చేపలు పట్టే పడవ మీద వెళ్లిన తొమిజో ఎక్కడో ఆఫ్రికా రేవులో దిగి, తిరిగి ఎక్కలేదట. పడవ వచ్చింది, అతను రాలేదు. చచ్చిపోయాడని ఎవరూ అనలేదు, బతికున్నాడనీ అనలేదు. ఎదురుచూపుల్లోనే షిజుయో జుట్టు నెరిసింది.

"వేడి పులుసు మీద మూత పెడితే చెమట పట్టక చస్తుందా వదినా?" అని ఆడపడుచు కికునో ఎగతాళి. చేపలు ఎండబెట్టే పనిలోంచి రోజూ అన్నానికి వస్తుంది, రోజూ ఇదే మాట.

"నోర్మూసుకుని తిను" అంటుంది షిజుయో. కానీ మూత తీశాక ఇప్పటికీ దాని లోపలివైపు వేలితో తడిమి చూస్తుంది. తర్వాత ఆ చల్లారిన అన్నం తనే తింటుంది.

ఒక వానరోజు, వండినవన్నీ అయిపోయి ఆమె తెర దించబోతుండగా ఓ యాత్రికుడు వచ్చాడు. కొండ మీది గుడి నుంచి నడిచి దిగాడు. తెల్లచొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒసాకాలో మంగలి దుకాణం నడిపే మనిషట.

"ఏదున్నా సరే తల్లీ. పొద్దుటి నుంచి మంచినీళ్లే."

గుళ్లు తిరిగే యాత్రికుణ్ణి ఆకలితో పంపే ఇల్లు ఆ ఊళ్లో లేదు. షిజుయో ఖాళీ కుండలోకి చూసింది. తర్వాత మూలనున్న పళ్లెం వైపు చూసింది. అప్పుడే వడ్డించింది, ఇంకా వేడి తగ్గలేదు. అది ఇచ్చేస్తే తొమిజో ఇక రాడని తనంతట తనే ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే వానలో తడిసిన మనిషిని ఉత్త కడుపుతో వెళ్లగొట్టినట్టు.

అన్నానికి వచ్చి కూర్చున్న కికునో ఈసారి ఎగతాళి చేయలేదు. "నేను ఇంటికెళ్లి ఏదో ఒకటి పట్టుకొస్తా వదినా. అన్నయ్యది కదపకు" అంది, గొంతు తగ్గించి.

"మీ ఇంట్లో ఏముంది, ఎండుచేపలు తప్ప!" అని షిజుయో ఆ పళ్లెం తెచ్చి యాత్రికుడి ముందు పెట్టింది. మూత ఆమె తీయలేదు. అతనే తీసి, లోపలికి చూడకుండా పక్కన పెట్టేశాడు.

యాత్రికుడు ఆత్రంగా తిన్నాడు. ఊరబెట్టిన ముల్లంగి కరకర నమిలాడు, పులుసు జుర్రాడు, చేపముల్లు వేలితో తీసి పక్కకు పెట్టాడు. పొయ్యి తుడుస్తున్నట్టు నటిస్తూ షిజుయో అతన్నే చూసింది. మొగుడు ఎలా తినేవాడో గుర్తు తెచ్చుకోబోయింది. ఎదుటివాడి దవడలే కనిపించాయి తప్ప తొమిజో ముఖం కళ్లముందుకు రాలేదు. ఇన్నేళ్లు బెంగపడి బెంగపడి వండిపెట్టింది ఎవరికో ఆమెకే తెలియలేదు. తొమిజో ఒక్క పూట, ఒక్క ముద్ద తన ఎదుట తింటే చాలుననిపించింది.

యాత్రికుడు ఖాళీ గిన్నెను రెండు చేతులా పట్టి చాచాడు. "సిగ్గు విడిచి అడుగుతున్నా తల్లీ. ఇంకొంచెం అన్నం ఉంటుందా?"

ఇన్నేళ్లలో ఆ గిన్నె ఒక్కసారీ మారు అడగలేదు.

"ఎందుకుండదు? కూర్చోండి, ఎసరు పెడతాను" అంది షిజుయో. అని, లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా ముందు కూలబడి భోరున ఏడ్చింది.