అమ్మ పెట్టిన ప్రార్థన మనవి

గజపతినగరంలో మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పమంటారు. లేచి నిలబడి, ఎవరికి ఏ జబ్బో పేరుతో సహా చెప్పాలి. నలుగురిలో నోరు విప్పడం అమ్మ నేర్చుకున్నదే అక్కడ. సంఘానికి వాట్సాప్ గ్రూపు వచ్చాక ఆదివారం దాకా ఆగే పని కూడా తప్పింది.

అక్కకు టీబీ అని తేలిన రోజు, మందులు మానకుండా వాడితే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. అక్క అమ్మ చేతులు పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. మా అరుగు మీద సాయంత్రాలు ట్యూషన్ చెప్పడమే దాని బతుకు, ఆ పిల్లలే దాని లోకం. తగ్గాక మళ్లీ మొదలుపెట్టుకుంటానంది. అమ్మ తలూపింది. మధ్యాహ్నానికల్లా, ఆసుపత్రి మంచం మీద మూతికి గుడ్డ కట్టుకున్న అక్క ఫొటో గ్రూపులో ఉంది. దాని కింద అమ్మ ఏడుపు గొంతుతో వాయిస్ మెసేజ్, జబ్బు పేరుతో సహా.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మని దులిపేశాను.

"పేరు సెప్పకుండా ప్రార్థన సేయమంటే, ఎవులి కోసమని సేస్తారే?" అంది అమ్మ.

ఫొటో కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. ట్యూషన్ పిల్లల తల్లులూ పెట్టారు. ఆ తల్లులే పిల్లల్ని ఇంకోచోట చేర్చారు. వాళ్లని తిట్టుకుందామన్నా నోరు రాలేదు. నాకూ చిన్నపిల్లలుంటే ఏం చేసేదాన్నో.

ఫొటో తీసేశాను. అప్పటికే ఆలస్యమై అమ్మ ఫోనులోనే పోయింది, మిగతా అందరి ఫోనుల్లోనూ ఉంది. ఆ సంగతి చెప్పేసరికి అమ్మకు పిచ్చెక్కినట్టయింది. మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి, తీసేయమని కాళ్లావేళ్లా పడింది. ఎవరైనా పంపి ఉంటారేమోనని, సంఘంలో లేని, ఊళ్లోని రైతుల ఇళ్లకీ వెళ్లింది. ఏ ఫొటో అని వాళ్లడిగితే మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

అది విని అక్క ఏడవలేదు. "అమ్మా, ఇంక తిరగొద్దు. తెలీనోలకి కూడా నువ్వే సెప్పొచ్చేస్తన్నావు," అంది.

ఆ ఆదివారం మనవులు అడిగారు. మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, నీళ్లు పడని బోరు, ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకున్నారు. ఇంటి దగ్గర అక్క మింగిన బిళ్లలు మింగినట్టే కక్కుకుంటోంది. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అమ్మ వైపే చూస్తూ రెండోసారి అడిగారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది గాని లేవలేదు.

అక్క పేరు లేకుండానే అందరం ఆమేన్ అన్నాం.