అరవై రోజులు నోరు మూసుకున్న మామగారు

మా మామగారు మునిసిపల్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు చూసే ఉద్యోగి. ఊళ్లో అందరూ చాటుగా ఆయన్ని 'కుదరదుగారు' అంటారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఎర్ర పెన్నులు ఎన్ని అరగదీశారో ఆయనకే తెలియదు. 'సరే' అని రాయడానికి ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన పచ్చ పెన్ను మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

ఆయన రెండు గదుల ఇంట్లో మేం ఆరుగురం: అత్తమామలు, మేమిద్దరం, మా కవల పిల్లలు. ఊళ్లో అద్దెలు ఆకాశంలో ఉన్నాయి కాబట్టి అల్లుణ్ణైన నేను భోజనాల బల్ల కింద పడుకుంటున్నాను. పెరట్లో చిన్న ఇల్లు వేసుకుంటామని మా ఆవిడ పెట్టిన అర్జీని సొంత తండ్రే మూడుసార్లు కొట్టేశారు. ఊరి రూలు ప్రకారం ఒక స్థలంలో ఒకే ఇల్లు ఉండాలట.

"కూతురైతే మాత్రం? కుదరదంటే కుదరదు," అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఇళ్లు చాలక జనం అల్లాడుతున్నారు గనక, పెరట్లో రెండో ఇంటికి ఏ ఊరూ అడ్డు చెప్పకూడదు. ప్రహరీ గోడకి నాలుగడుగులు వదిలితే చాలు. అరవై రోజుల్లో ఆఫీసు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కానీ ఏ చిన్న వంక పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగో అర్జీ పెట్టాం. 'సరే' అని రాయడానికి మామగారికి చెయ్యి రాలేదు.

"మీరేం రాయొద్దండీ," అన్నారు అత్తగారు. "అరవై రోజులు నోరు మూసుకోండి, చాలు."

పాపం, మనిషి చిక్కి సగమయ్యారు. యాభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి రొప్పుతూ ఇంటికొచ్చారు.

"కిటికీ అరడుగు చిన్నదిగా గీశారర్రా!"

"రాసేశారా మామయ్యగారూ?" అన్నాను నేను.

"లేదు. అక్కడే ఉంటే రాసేస్తానని పారిపోయొచ్చాను."

అత్తగారు ఆయన జేబులోని ఎర్ర పెన్ను లాగేసి చక్కెర డబ్బాలో దాచారు.

అరవయ్యో రోజు గడిచింది, ఇల్లు లేచింది. మొన్న మామగారు టేపుతో వచ్చి ఇంటికీ వెనక ప్రహరీ గోడకీ మధ్య దూరం కొలిచారు. నాలుగడుగులకి ఒక అంగుళం తక్కువొచ్చింది. ఇంకోసారి కొలిచారు. అదే అంగుళం.

"ఎలా ఉంది నాన్నా?" అంది మా ఆవిడ.

ఆయన మా ముగ్గురి వంకా చూశారు, పిల్లల వంకా చూశారు. మెల్లగా టేపు చుట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

"ఏమీ అనలేదుగా?" అన్నారు అత్తగారు. "అయితే చట్టప్రకారం నచ్చినట్టే. చాపలు తెచ్చుకోండి."