పన్నెండు తలుపుల వీధి

మనిషి కంటే ముందు మిషను వినిపించింది. వానలో ఎవరో చెప్పులతో పరుగెడుతున్నట్టు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ పరుగందుకున్నట్టు. నేను మెట్లెక్కి వెళ్తే ఒకటే గది. గోడ నిండా ఇంకా చేతులు అతకని జాకెట్లు. కిటికీ దగ్గర ఆమె, పెదాల మధ్య రెండు గుండుసూదులతో. ఫోన్లోని గుంపులోనూ ఆమె పేరు సూదే; అసలు పేరు అక్కడెవరికీ తెలియదు.

నాలుగు వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళ గుంపు అది. ఫోన్లోనే పుట్టింది, ఫోన్లోనే పెరిగింది. పాలు పితికేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, కుట్టుపనివాళ్ళు. పుట్టింట్లో చోటు లేనివాళ్ళు, అత్తింట్లో మాట చెల్లనివాళ్ళు. మనందరికీ కలిపి ఒక పుట్టినూరు ఉంటే బాగుండునని నిరుడు ఎవరో అన్నారు. అందరూ కలిసి ఒక ఊరిని ఎంచుకోవాలి. ఇకమీదట ఎవరి పేరు కింద అయినా ఆ ఊరి పేరే ఉండాలి.

"చివరికి ఒక ఊరు మిగిలింది. ఎవరిదనుకున్నావ్?" సూది పంటితో దారం తెంపింది. "మా తోడికోడలు పెట్టింది. నన్ను గెంటేసిన ఊరు."

పదకొండేళ్ళ కింద, భర్త పోయిన వారానికే బావగారు ఆమె మిషను తెచ్చి వీధిలో పెట్టి తలుపేసుకున్నారు. వాన మొదలైంది. ఆ వీధిలో ఇంకా పన్నెండు ఇళ్ళున్నాయి. ప్రతి తలుపూ తట్టింది. తనకు చోటడగలేదు. వాన తగ్గేదాకా మిషను వసారాలో ఉంచమంది. బావగారంటే వీధికి భయం. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మిషను తల విప్పి భుజాన వేసుకుని బస్సెక్కింది.

"ఇప్పుడా తోడికోడలే 'మా వీధిలో తలుపులు మూసుండవు అక్కలారా' అని రాసింది. కింద నాలుగొందలమంది పువ్వులు పెట్టారు. నా పేరు కింద ఆ ఊరు రాసుకోవాలా? చేతులు విరగ్గొట్టుకుంటా గానీ."

గుంపుకి ఒక నియమం ఉంది. ఊరు ఖాయం చేసేముందు ఒకరు చెప్పకుండా వెళ్ళి, ఇంటింటా మంచినీళ్ళడగాలి. అది అందరూ ఫోన్లలో చూడాలి. నేను వెళ్తానంది సూది. ఆ పేరు వెనక ఎవరున్నారో తోడికోడలికి తెలియదు. ఏ రోజు వస్తారో కూడా తెలియక, ఎవరొచ్చినా నవ్వుతూ నీళ్ళివ్వండని వారం ముందునుంచే వీధంతా చెప్పి పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి సూది స్కూటరు దిగింది. ముఖానికి దుమ్ము స్కార్ఫు. ఫోను, జాకెట్టుకి తనే కుట్టుకున్న పైజేబులో, కెమెరా బయటికి చూసేలా.

తట్టకముందే మొదటి తలుపు తెరుచుకుంది. "రా తల్లీ, ఎండన పడొచ్చావు. ఇదిగో, నీళ్ళు."

"బాగున్నావా పిన్నీ?" అంటూ స్కార్ఫు కిందికి లాగింది.

గ్లాసు దారిలోనే ఆగిపోయింది. "నువ్వా? వాటా అడగడానికొచ్చావా? మమ్మల్ని ఇందులోకి లాగకమ్మా." తలుపు పడింది. గడియ చప్పుడు నాలుగు వేల ఇళ్ళలో వినిపించింది.

మళ్ళీ స్కార్ఫు, మళ్ళీ చిరునవ్వు, మళ్ళీ ముఖం, మళ్ళీ గడియ. ఐదో ఇంట్లో ఒకాయన "ఇవాళ నీళ్ళు రాలేదు" అన్నాడు. వెనక పెరట్లో కుళాయి ధారగా కారుతోంది.

ఆరో ఇంటి దగ్గర తోడికోడలు పరుగున వచ్చింది. "ఏమే, పగబట్టి వచ్చావా?"

"లేదక్కా, దాహమేసి వచ్చాను."

పదకొండు తలుపులు అలా మూసుకున్నాయి. ఫోన్లో అంతవరకే వచ్చింది. సాయంత్రానికి ఆ ఊరు ఓడిపోయింది. పన్నెండో తలుపు తెరిచారని తోడికోడలు గుంపులో మొత్తుకుంది. ఇంకెన్ని అబద్ధాలు చెబుతావమ్మా అన్నారు. చివరికి ఆమెనే గుంపులోంచి తీసేశారు.

"నిజంగా తెరవలేదా?" అని అడిగాను.

మిషను ఆగింది. సూది గుడ్డ మడతలు సరిచేసుకుంది.

"తెరిచింది. ముసలావిడ. 'ఆ రోజు మా ఆయన నన్ను లేవనివ్వలేదే' అని నా చెయ్యి పట్టుకుంది. గ్లాసు అందుకునేముందే ఫోను ఆపేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఇంకో గ్లాసు కూడా అడిగి తాగాను. అయినా ఆ ఊరు గెలవకూడదు."