ఏడుపు నటించినవాణ్ని దేవుడు వదల్లేదు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ నా వందనాలు. సూర్యాపేటలోని ఈ మందిరంలో నేను మైకు పట్టుకోవడం ఇది రెండోసారి. రెండేళ్ల కిందట ఇదే చోట నిలబడి, దేవుడు నన్ను తాగుడు నుంచి విడిపించాడని చెప్పాను, మీలో చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు, పెద్దమ్మలు వచ్చి నా తల మీద చేయి పెట్టి దీవించారు. ఆ రోజు నేను తాగే వచ్చాను. వాసన రాకుండా నోట్లో లవంగం పెట్టుకుని వచ్చాను. ముందు ఈ మాట చెప్పకుండా తర్వాత ఏం చెప్పినా మీరు నమ్మకూడదు.

నా పేరు ఆనందరావు. మాది నడిగూడెం దగ్గర, ఇప్పుడు ఉండేది కోదాడలో. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో దుప్పటి కప్పుకుని గొర్రెల కాపరి వేషం వేస్తే, గోల చేస్తున్న జనం ఒక్కసారిగా ఊరుకుని నావైపు చూశారు. ఆ చూపు కోసమే బతికాను నేను, దాచడమెందుకు. ఆ చూపు కోసమే హైదరాబాద్ పోయి సీరియళ్లలో చిన్న చిన్న వేషాలు వేశాను, పెళ్లిలో బంధువుగా, స్టేషన్లో కానిస్టేబుల్‌గా. నటనంటే పిచ్చి కావలసినంత ఉంది, పని మాత్రం నేర్చుకోలేదు. ఆరింటికి రమ్మంటే ఎనిమిదింటికి పోయేవాణ్ని, వెనక నుంచి మాట అందించేవాడు ఉండగా డైలాగులు బట్టీ కొట్టడం దేనికని కాగితం ముట్టుకునేవాణ్ని కాదు, పైగా డైరెక్టర్‌కే సలహాలు! వేషం రాలేదని తాగాను, తర్వాత వేషం వచ్చిందని తాగాను. చివరికి మేనేజర్ ఒకాయన మంచిగానే చెప్పాడు, "అన్నా, నువ్వు బాగనే చేస్తవ్. కని నువ్వొస్తవా రావా అని రోజూ మేం పరేషాన్ గావాల్నా?" అని. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా లోకానిదే అనుకుంటూ ఇల్లు చేరాను.

నా భార్య కరుణ అంగన్‌వాడీ టీచరు. ఆమె జీతం మీద తింటూ, టీవీలో నాతో పాటు కానిస్టేబుల్ వేషం వేసినవాడు ఇన్‌స్పెక్టర్‌గా కనిపిస్తే రిమోట్ విసిరేసేవాణ్ని. అట్లాంటి రోజుల్లో ఈ సంఘంలో సాక్ష్యం చెప్పే అవకాశం వచ్చింది. సహోదరులారా, నాకు అది సాక్ష్యంగా కనిపించలేదు, వేషంగా కనిపించింది. రెప్ప వేయకుండా ట్యూబ్‌లైటును చూస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఊపిరి బిగబడితే గొంతు పూడుకుపోతుంది, ఇవన్నీ నాకు తెలుసు. ఏ మాట దగ్గర అక్కలు కొంగు కళ్లకు అద్దుకుంటారో కూడా లెక్క కట్టుకున్నాను. మీరు ఏడ్చారు, అది విని మా కోదాడ సంఘంవాళ్లు పిలిచారు, వాళ్ల మాట మీద మిర్యాలగూడవాళ్లు పిలిచారు. ఊరు మారేకొద్దీ నా కథకు మెరుగు పెట్టాను. మిర్యాలగూడకు వచ్చేసరికి, మూడు రోజులు గదిలో తలుపు వేసుకుని, మంచినీళ్లు, బైబిలు తప్ప ఏమీ లేకుండా ప్రార్థించానని, మూడో రోజుకు మందు మీద అసహ్యం పుట్టిందని చెప్పాను. అట్లాంటి గది లేదు, అట్లాంటి మూడు రోజులూ లేవు. అక్కడ ఆ కథ బాగా పండిందని మాత్రం సంతోషపడ్డాను.

ఆ మిర్యాలగూడ కూటంలో ఎస్తేరమ్మ అని ఒక తల్లి ఉంది. కూలి పని చేసుకుని బతికే మనిషి, ఒక్కడే కొడుకు, రాజు, పొద్దున లేస్తే తాగుడే. ఆమె కూటమయ్యాక నా దగ్గరికొచ్చి ఆ మూడు రోజుల సంగతి మళ్లీ ఒకసారి చెప్పించుకుంది, నా నంబరు తీసుకుంది. నేనేమో నా నటన ఎంత బాగుందో అనుకుంటూ బస్సెక్కాను. నాలుగో రోజు ఆమె ఫోన్ చేసింది.

"అయ్యా, నువ్వు చెప్పినట్లే చేసిన. పోరగాణ్ని గదిల పెట్టి గొళ్లెం పెట్టిన. రెండో రోజుకు ఫిట్స్ వచ్చినయి, గిప్పుడు దవాఖానల ఉన్నడు, సోయి లేదు. నా ప్రార్థనల ఏమన్న తక్కువైందా అయ్యా?"

ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడే బస్సెక్కాను. మిర్యాలగూడ దవాఖానకు పోయాను. డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి అడుగుతోంది, ఏళ్ల తరబడి తాగినోడికి మందులియ్యకుండ ఒక్కసారి ఆపితే పాణం మీదికొస్తదని తెల్వదా, ఎవరు చెప్పిన్రు నీకు అని. ఎస్తేరమ్మ నన్ను చూసింది, నా పేరు చెప్పలేదు. నాకే తెలివి లేక చేసిన అని తల వంచుకుంది. నేను బయట నల్లా దగ్గరికి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది ముందు ఏడ్చినవాణ్ని, ఆ రోజు ఒక్క చుక్క రాలేదు. "ప్రభువా, ఆ పిలగాణ్ని బతికియ్యి. నీ పేరు మీద నేను ఏషం ఏసిన. నన్నేమన్న చెయ్యి, వాని పాణం మాత్రం తియ్యకు" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు చేతకాలేదు.

లోపలికి పోయి డాక్టరమ్మతో చెప్పేశాను, ఆ మాట చెప్పింది నేనే, నేను ఇంకా తాగుతూనే ఉన్నానని. ఆమె నన్ను తిట్టలేదు. ఆఖరిసారి ఎప్పుడు తాగినవ్ అని అడిగింది. పొద్దున అన్నాను. నన్నూ వార్డులో చేర్చుకోమని ఒక చీటీ రాసింది. రాజుకు తెల్లారి సోయి వచ్చింది, దేవునికే మహిమ! అదే వార్డులో నేనూ పడుకున్నాను, చేతులు వణుకుతుంటే ఎస్తేరమ్మే నాకు గ్లాసు నోటికి అందించింది. మందులు డాక్టరమ్మ ఇచ్చింది, మింగే బుద్ధి దేవుడిచ్చాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టికి ఏడాది నాలుగు నెలలు.

మన పాస్టర్ గారి కాళ్ల మీద పడ్డాను. ఆయన, ఏడాది పాటు మైకు ముట్టవద్దు, వెనక కూర్చుని విను అన్నారు. విన్నాను. తాగుడు పోయింది గాని జనం నావైపు చూడాలన్న ఆశ పోలేదు సహోదరులారా. ఎవరైనా ముందు నిలబడి మాట్లాడుతుంటే నా కాళ్లు వాటంతటవే లేవబోయేవి. ఈ ఆశ కూడా పీకెయ్యి ప్రభువా అని ఎన్నిసార్లు వేడుకున్నానో, ఆయన తీయలేదు. కరుణే ఒకరోజు కోదాడలో నాటకాలు ఆడించే ఒక మాస్టారి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మన మతం కాదు, దేవుడు ఎవరి చేత పని చేయిస్తాడో ఆయన ఇష్టం. మాస్టారు నాకు ఒక్క మాట కూడా లేని వేషం ఇచ్చారు, నాటకమంతా మంచం మీద కూర్చుని కొడుకుల మాటలు వినే తండ్రి వేషం. నాకు మండింది. ఆయన నవ్వి, "నీ మాటలకేం తొందర. ముందు ఎదుటివాళ్ల మాటలు నేర్చుకో" అన్నారు.

ఆరింటికి రిహార్సల్ అంటే ఐదూ ముప్పావుకే చాప పరిచి ఉండాలి. అందరి మాటలూ నాకు వచ్చి ఉండాలి, రోజూ కొత్తగా వింటున్నట్టే వినాలి. రెండు నెలలు విన్నాను. ఒక సాయంత్రం, చిన్న కొడుకు వేషం వేసిన అతను తండ్రితో మాట్లాడుతుంటే, నాకు ఎస్తేరమ్మ నా కథ మళ్లీ చెప్పించుకున్న రోజు గుర్తొచ్చింది. ఆమె నా నటన మెచ్చి రాలేదు. కొడుకును బతికించుకునే దారి అడగడానికి వచ్చింది. నేను వినలేదు.

మొన్న హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, ఎన్నాళ్లకో! నాగార్జున సాగర్‌లో షూటింగ్, ఒక్క రోజు వేషం, నాలుగు మాటలు. ఏడింటికి రమ్మంటే ఆరింటికే ఉన్నాను, నా మాటలతో పాటు హీరో మాటలు కూడా నేర్చుకుని పోయాను. డ్రెస్ వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాను, చివరికి ఆ సీను తీసేశామన్నారు. డ్రెస్ మడతపెట్టి ఇచ్చి, అందరికీ దండం పెట్టి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. బస్సులో ఎవరూ నావైపు చూడలేదు. కోదాడలో దిగాను, మందు షాపు దాటి ఇంటికి పోయాను. అన్నం పెట్టమంటే కరుణ నా మొహం చూసి, పక్కనే కూర్చుని వడ్డించింది. ఆ ఆశ ఇంకా ఉంది, రేపు ఫోన్ వస్తే మళ్లీ ఆరింటికే పోతాను. దేవుడు తీయలేదంటే ఉంచుకోమనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ దగ్గర ఒక్కటే అడుగుతాను. నేను చెప్పిన ఆ మూడు రోజుల మాట ఏ ఇంటికి చేరిందో నాకు తెలియదు, దయచేసి ఎవరూ చేయకండి, విన్నవాళ్లు ఉంటే వాళ్లకూ చెప్పండి. నన్ను క్షమించండి. దేవుడు మాత్రం నిజమైనవాడు సహోదరులారా, అబద్ధమాడిన నన్నే వదలనివాడు మీ బిడ్డను వదులుతాడా? మీ ఇంట్లో తాగుడుతో నలిగేవాళ్లు ఉంటే ఆయన్ని నమ్మి నా దగ్గరికి తీసుకురండి, దవాఖానకు కలిసి పోదాం. చీటీ రాయించేదాకా పక్కనే ఉంటాను, వాళ్లు చెప్పుకునేది వింటాను.