అమ్మ అభిశంసించిన సోమవారం

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ‘అభిశంసించు’ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను నిఘంటువు తీయను, అమ్మను తలుచుకుంటాను. రాజాంలో తెలుగు పంతులమ్మను నేను. పదవిలో ఉన్నవాళ్లు తప్పు చేశారని పద్ధతి ప్రకారం, అందరి ముందూ ఆరోపించడమే అభిశంసించడం అని పిల్లలకు చెబుతాను. దేశాధినేతలనూ న్యాయమూర్తులనూ చట్టసభల్లో అభిశంసిస్తారు. మా అమ్మ మా ఊరి వీఆర్వోను అభిశంసించింది.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున మా పేట. ఇళ్ల వెనక ఒక ఇసుక గట్టు ఉంది. అమ్మమ్మ కాలం నుంచీ ఆడవాళ్లు నెత్తళ్లూ కవళ్లూ లాంటి చేపలు ఎండబెట్టి అమ్ముకునేది ఆ గట్టు మీదే. ఆ ఏడాది రొయ్యపిల్లల కంపెనీ ఒకటి స్థలం కోసం వెతుకుతోంది. భూమి రికార్డులు చూసే వీఆర్వో ‘ఈ స్థలం ఖాళీగా ఉన్నది, ఎవరి వాడుకలోనూ లేదు’ అని రాసి పైకి పంపేశాడు. ఒక శనివారం ఇంటికొచ్చి, పంచాయతీ గోడకు అంటించిన ఆ కాగితం చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీయా! పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి చూస్తే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క సరుగుడు తోటలు, ఎండబెట్టుకోవడానికి వేరే చోటు లేదు. ఆ గట్టు పోతే మా అమ్మకూ, ఆమెతోపాటు ఇరవైమంది ఆడవాళ్లకూ బతుకుతెరువే లేదు.

ఆ రాత్రే కూర్చుని, సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇవ్వడానికి అర్జీ రాశాను. చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా? ‘సదరు అధికారిని అభిశంసిస్తున్నాము’ అని ఒక వాక్యం వేశాను. చదివి వినిపిస్తే అమ్మ మొహం చిట్లించింది.

“అబి... ఏటే అది? గొంతుకి ముల్లు అడ్డం పడినట్టున్నాది.”

“పెద్ద కుర్చీలో కూర్చున్నోడి తప్పు అందరి ముందూ పద్ధతిగా చెప్పడమమ్మా.”

“అయితే ఆడికి సెప్పినావా మరి?”

“ఎవరికి?”

“ఆడికేనే, వీఆర్వోకి. సోమారం నీ మీద సెప్తన్నాం, వొచ్చి నిలబడమని.”

నాకు నవ్వాగలేదు. కానీ అమ్మ నవ్వలేదు. మా పేటలో తగువులు రామకోవెల ముందు పెద్దల దగ్గర తేలతాయి. ఎవరి మీద చెప్పాలన్నా ముందు వాళ్లింటికి వెళ్లి ఆ సంగతి చెప్పి రావాలి. తరవాత వాళ్లు ఎదురుగా ఉండగానే నోరు విప్పాలి. మనిషి లేనప్పుడు చెప్పిన మాట పెద్దలు వినరు సరికదా, చెప్పినవాళ్ల మీదే తప్పు పడుతుంది. పిలిచినా రాకపోతే మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క.

ఆదివారం నేను నిద్ర లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. పక్క ఊళ్లో వీఆర్వో ఇంటికి వెళ్లి, వాళ్ల వాకిట్లో నిలబడి చెప్పేసి వచ్చింది! అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

“దొంగ చేతికి తాళాలిచ్చొచ్చినట్టుంది నీ పని! రేపటికల్లా కాగితాలన్నీ సర్దేసుకుంటాడు.”

“సర్దుకోనీ. గట్టుని ఎక్కడికి సర్దీగలడు?”

సోమవారం ఏడుగురు ఆడవాళ్లం ఆటోలో బస్సు రోడ్డు దాకా, అక్కణ్నుంచి బస్సులో శ్రీకాకుళం చేరాం. హాలు కిటకిటలాడుతోంది. మా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న పెద్దాఫీసరు అర్జీ కోసం చెయ్యి చాచాడు. అమ్మ కాగితం ఇవ్వలేదు.

“ఆ బాబు రానీండి. ఆయన నేకుండా నాను సెప్పకూడదు.”

“ఎవరమ్మా రావాలి? వెనక ఇంతమంది ఉన్నారు, త్వరగా ఇవ్వండి” అన్నాడాయన విసుగ్గా. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

“నేను వచ్చానమ్మా” అని వెనక నుంచి వినబడింది. వీఆర్వోనే! చంకలో ఫైలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ ముందుకొచ్చాడు. ఏం ధైర్యంతో వచ్చాడో, ఏం భయంతో వచ్చాడో నాకు తెలియదు. ఆఫీసరు వైపు తిరిగి నమస్కారం పెట్టి ఫైలు విప్పబోయాడు.

“ఆరికేసి కాదు బాబూ, నాకేసి సూడు” అంది అమ్మ. “గట్టు ఖాళీ అని రాసీసినావు. నువ్వు ఏనాడైనా వొచ్చి సూసినావా?”

అరిచిందనుకునేరు, లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగింది. అతను ఫైలు చూశాడు, నేల చూశాడు. చివరికి అమ్మ మొహం చూశాడు.

“రాలేదమ్మా. ఆఫీసులోనే రాసేశాను.”

పెద్దాఫీసరు కలం కింద పెట్టేశాడు. అప్పుడు అమ్మ అర్జీ ఇచ్చింది. నాకు కలిగింది గర్వం కూడా కాదండీ, పొగరు! ఈమె నా తల్లి అని ఆ హాల్లో కేకలు వెయ్యాలనిపించింది.

మా బడిలో హెడ్మాస్టారు ఈ కథ విని, వీఆర్వో స్థాయికి ‘అభిశంసించింది’ అన్న మాట నప్పదు, ‘ఫిర్యాదు చేసింది’ అనాలమ్మా అన్నారు. నిఘంటువు ఆయన పక్షమే. అయినా నేను ఒప్పుకోను. ఫిర్యాదు ఆకాశరామన్న కూడా చేస్తాడు. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, అతని కళ్లలోకి చూస్తూ చెప్పిన మాటకు ఇంకాస్త పెద్ద పేరుండాలి.

స్థలం మళ్లీ చూసి రిపోర్టు రాయమని ఆర్డరయింది. ఆ వారంలోనే, నేనూ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజు, వీఆర్వో గట్టు మీదకు వచ్చాడు. ఎండుతున్న నెత్తళ్లను తొక్కకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అక్కడే చతికిలబడి రాశాడు. ‘ఈ గట్టు తరతరాలుగా పేట ఆడవారు చేపలు ఎండబెట్టుకొనుచున్న స్థలము.’ కంపెనీ వేరే చోటు చూసుకుంది.

రాసిన కాగితాన్ని అతను ముందు అమ్మకే చూపించాడు. అమ్మ చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది.

“ఇందులో మాం ఎక్కడున్నామే?” అని నన్నడిగింది.

‘ఆడవారు’ అన్న మాట మీద ఆమె వేలు పట్టి పెట్టాను. అమ్మ ఆ వేలు తీయలేదు. మిగతా ఆడవాళ్లను కేకేసింది.

“ఒలే, ఇలగ రండే! ఇక్కడున్నాం, సూడండి.”