ఈవీ గింజలో తోరిక వాటా

తోరిక మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆమెను ముంచినవాడి మీది కోపం వేరు, అది నేను పోయేదాకా ఉంటుంది.

ఫిజీలో, సువాలోని మా కాలేజీ ప్రయోగశాలలో ఆమె పంతొమ్మిదేళ్లు సహాయకురాలు. నేను పక్కనే సామాను గదిలో పనిచేసేదాన్ని. గాజుసామాను కడగడం ఆమె ఉద్యోగం. కానీ మా దీవుల్లో ఉడికించి తినే ఈవీ చెట్టు గింజల్లోంచి ప్రోటీన్ విడదీయడం పెద్ద చదువులవాళ్లెవరికీ చేతకాలేదు, ఆమెకే కుదిరింది. ఆ గింజ ఒలవగానే నల్లబడుతుంది. ఆ మకిలి ప్రోటీన్‌ని పట్టుకుందంటే వదలదు. తోరిక రెండేళ్లపాటు పని అయ్యాక కూర్చుని, గింజలు పిండి చేసి, నూనె తీసేసి, ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, పాలలా విరగ్గొట్టి, ఎన్నిసార్లు పాడైనా మళ్లీ మొదలుపెట్టి, తెల్లటి పొడి తీసింది.

ఓ రోజు ప్రోటీన్ ఎంత శుద్ధమో చూపే జెల్ పలక పట్టుకుని నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"చూడవే, ఒకటే నీలం గీత! మరకా లేదు, మాయా లేదు."

"గీత చూసి ఇంత మురిసిపోతున్నావు, నీ పెళ్లిలో కూడా ఇంత నవ్వలేదేమో!"

"మా ఆయన ఇంత శుభ్రంగా లేడుగా!"

ఆ ప్రోటీన్ బరువెంత, ఎంత వేడికి గడ్డకడుతుంది, అన్నీ ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకుంది. ఆ ఏడాదే సీనియర్ టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీ అవుతోంది. అచ్చయిన పరిశోధన వ్యాసంలో పేరు ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. ఆ నోటుబుక్కే ఆమెకున్న ఒకే దారి.

ఆమె బాబాయి కొడుకు అపెనిసా అప్పుడే డాక్టరేటు తెచ్చుకుని మా దగ్గరే లెక్చరరుగా చేరాడు. ఓ ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికెళ్లి, చాప మీద కూర్చుని, కడుపునిండా తిని అడిగాడట.

"కెరెకెరె, అక్కా. ఆ నోటుబుక్కు ఇయ్యి. నేను పద్ధతిగా రాస్తాను. నీ పేరు పెట్టకుండా ఉంటానా?"

అయినవాళ్లు కెరెకెరె అని అడిగితే లేదనకూడదు. ఇచ్చాక అది నాదని అనకూడదు.

"ఇచ్చేశావా? మతి గానీ పోయిందా నీకు?" అని అరిచాను.

"తమ్ముడు నోరు తెరిచి అడిగాడు, ఏమనమంటావు? నువ్వయితే మొహం మీదే తలుపేసేదానివి."

"వేసేదాన్నే. గొళ్లెం కూడా పెట్టేదాన్ని!"

వ్యాసం అచ్చయింది. మూడు పేర్లున్నాయి, మొదటిది అపెనిసాది. తోరిక పేరు లేదు. అడుగున మాత్రం, గింజలు సమకూర్చిన ఊరి ఆడవాళ్లకు కృతజ్ఞతలు అని ఉంది.

ఇంటర్వ్యూలో ఆ వ్యాసమే ఆమె చేతికిచ్చారట. "ఇది చదివి, ఇందులో ఉన్నట్టు చేయగలవా అమ్మా?" అని అడిగారట. బల్లకు అవతల అపెనిసా కూడా ఉన్నాడు, కలం మూత తిప్పుకుంటూ. "చేయగలను సార్," అంది తోరిక. ఉద్యోగం బయటినుంచి వచ్చిన ఒకామెకి ఇచ్చారు.

ఆ కొత్తామె ఎంత చేసినా పొడి మట్టిరంగులోనే వచ్చేది. వ్యాసం అబద్ధమని బయట గుసగుసలు మొదలయ్యాయి. నాకు లోలోపల పండగే. తోరిక గింజల్ని నల్లబడకుండా నిమ్మరసం పిండిన నీళ్లలో ముంచే ఒలిచేది. వాళ్లమ్మ ఇంట్లో అలాగే చేసేదట. ఇది కూడా రాసేదేమిటని నోటుబుక్కులో రాయలేదు.

అపెనిసా మళ్లీ వచ్చాడు, ఈసారి తోరిక నా పక్కన కూర్చుని ఉండగా నా గదిలోకే. "కెరెకెరె, అక్కా. ఏం వదిలేశావు?"

నేను ఆమె కాలు తొక్కాను. అయినా కాగితం తీసుకుని నిమ్మరసం సంగతంతా రాసింది. కింద మాత్రం, ఎన్నడూ లేనిది, తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. వాడు చూసి తలూపాడు. పోనీలే, ఇప్పటికైనా నోరు తెరిచిందనుకున్నాను.

వానాకాలంలో రెండో వ్యాసం వచ్చింది. నిమ్మరసం ఉంది. తోరిక లేదు. ఈసారి ఊరి ఆడవాళ్లు కూడా లేరు.

తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఒక్కో వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు వెతికింది. తర్వాత లేచి వెళ్లి కుళాయి తిప్పింది.

"కొత్త గింజలొచ్చాయట. నన్నే ఒలవమన్నారు," అంది.